యాసిడ్ వద్దన్నాను

మా గోదావరి జిల్లాల్లో చక్రం తిప్పామని చెప్పుకునేవాళ్లకి కొదవ లేదు. పంచాయతీలో తిప్పినవాళ్లు, సొసైటీలో తిప్పినవాళ్లు, ఏమీ తిప్పకుండానే టీ కొట్టు దగ్గర కూర్చుని తిప్పేసేవాళ్లు. నేను మాత్రం అక్షరాలా చక్రాలు తిప్పే బతికాను. రాజమండ్రి నుంచి కడియం వెళ్లే దారిలో, పూలమొక్కల నర్సరీలు మొదలయ్యే చోట, మోటారు సైకిళ్ల అల్లాయ్ చక్రాలకి పాత రంగు ఊడదీసి కొత్త రంగు వేసే రేకుల షెడ్డు ఒకటుంది. అందులో సూపర్‌వైజరుగా చేసి ఈమధ్యనే రిటైరయ్యాను. సూపర్ అనేది హోదాలోనే ఉండేది, జీతంలో ఎప్పుడూ కనపడలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. "సార్, మెగ్నీషియం చక్రం వచ్చింది, ఎలా శుభ్రం చెయ్యాలి?" అంటారు. యాసిడ్ తగలనివ్వకండి అంటాను. అక్కడితో ఆగితే మర్యాదగా ఉంటుంది గానీ ఆగలేను. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, మజ్జిగ చుక్క కూడా వద్దు అని వంటింటి సరుకులన్నీ ఏకరువు పెడతాను. అవతల నవ్వు వినిపిస్తుంది. "సార్, మేం అడిగింది చక్రం గురించండి, పులిహోర గురించి కాదు," అన్నాడొకడు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఎందుకో చెబుతాను.

ముందు బరువు సంగతి. బండి మీద కూర్చునే బరువు వేరు, బండిలో తిరిగే బరువు వేరు. నమ్మకపోతే ఖాళీ చెంబుకి తాడు కట్టి గిరగిరా తిప్పండి. తర్వాత నీళ్లు నింపి తిప్పండి. మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ తేడా ఏమిటో మీ భుజమే చెబుతుంది. చక్రమూ అంతే. అంచు దగ్గర కాస్త బరువు తగ్గితే బండి తొందరగా అందుకుంటుంది, తొందరగా ఆగుతుంది, మలుపులో మాట వింటుంది. అందుకే పందేల బండ్లకి అల్యూమినియం కన్నా తేలికైన మెగ్నీషియం చక్రాలు వాడతారు. తేలికే గానీ తేలిగ్గా తీసుకోదగ్గ లోహం కాదది. ఉప్పు పడదు, పులుపు పడదు. నాకు డాక్టరు రాసిచ్చిన పథ్యమూ దాని పథ్యమూ ఒకటే. నేను అప్పుడప్పుడూ పథ్యం తప్పుతాను, అది తప్పితే క్షమించదు.

షాపు ఓనరుగారివి భీమవరం వైపు రొయ్యల చెరువులు. ఆయన మా దగ్గరికి రావడం తక్కువ. ఆయన తరఫున షాపులో ఉండేది చెరువుల దగ్గర వాడి పక్కన పడేసిన రొయ్యల కాటా ఒకటి. చక్రాల బరువు దాని మీదే చూసేవాళ్లం.

నాతో చివరిదాకా పని చేసినవాళ్లు ఇద్దరు. ఒకరు రంగుల మేస్త్రి. లూథరన్ చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం తెల్లచొక్కా వేసుకుంటే గానీ ఆయన అసలు రంగు తెలిసేది కాదు. మిగతా రోజుల్లో ఏ చక్రానికి ఏ రంగు కొడితే ఆయనదీ ఆ రంగే. తిండికి వంక పెట్టకుండా ఆయన ఒక్క ముద్ద మింగగా నేను చూడలేదు. రెండోవారు చక్రాలు కడిగే ఆవిడ. భర్త పోయాక నిడదవోలు నుంచి రోజూ పాసింజరు రైల్లో పనికి వచ్చేది. నన్ను అన్నయ్యగారూ అనేది. మేస్త్రి ఆవిడని చెల్లెమ్మా అనేవాడు.

చెరువు గట్ల మీద తిరిగే బండ్ల చక్రాలు ఉప్పునీటికి తెల్లగా పొక్కిపోయి వస్తాయి. సబ్బుకి ఆ మరక కదలదు. ఆవిడ ఒకరోజు ఇంటి నుంచి చింతపండు పిసుక్కొచ్చి, రాళ్ల ఉప్పు కలిపి, ఇత్తడి కుందులు తోమినట్టు ఒక అల్యూమినియం చక్రాన్ని తోమి, వెంటనే నీళ్లు కొట్టింది. చక్రం తళతళలాడింది. అప్పటి నుంచి అదే మా షాపు పద్ధతి. వచ్చేవాళ్లు 'చింతపండు వాష్' అని అడిగి మరీ చేయించుకునేవాళ్లు. మేస్త్రి ఊరుకుంటాడా?

"చెల్లెమ్మా, నిన్న నువ్వు తెచ్చిన పులుసులో కన్నా ఈ చక్రం మీదే చింతపండు ఎక్కువుంది. రేపటి నుంచి ఇదే కలుపుకుని తినేస్తాను."

"తినండి మేస్త్రిగారు. పళ్లు ఊడితే నన్నడక్కండి."

"ఉన్నవెన్ని గనక."

ఆవిడకి ఒక్కతే కూతురు. పాలిటెక్నిక్ చదివింది. తండ్రి వదిలివెళ్లిన పాత బండి బాగుచేసుకుంటూ బండి పిచ్చిలో పడింది. పూర్తికాని బైపాస్ రోడ్డు మీద తెల్లవారుజామున సాధన చేసేది. కూతురు పందేలకి వెళ్తోందని తెలిసిన రోజు తల్లి షాపులో కూర్చుని ఏడ్చింది. కొన్నాళ్లకి అదే కూతురు మద్రాసు దగ్గరెక్కడో మూడో స్థానంలో వచ్చిందని మాకు పూతరేకులు పంచింది. ఆ ఏడుపుకీ ఈ తీపికీ మధ్య ఇంట్లో ఏం జరిగిందో మాకు తెలియదు. ఆ తర్వాత నుంచి మాత్రం బండి గురించి కూతురు ఏమన్నా తల్లికది వేదం.

ఆ ఏడాది కోయంబత్తూరు దగ్గర ట్రాక్ మీద ఒక టీము కొత్తవాళ్లని ఎంపిక చేస్తోంది. ఎవరి బండి వాళ్లు తెచ్చుకుని తోలి చూపించాలి. ఎంపికైతే ఆ తర్వాత బండీ, శిక్షణా అన్నీ వాళ్లవే. వాళ్లు పెట్టిన వయసు హద్దు ప్రకారం ఆ పిల్లకి అదే ఆఖరి అవకాశం. తన బండి చక్రాలు మొద్దు చక్రాలు. విశాఖలో పందేలు మానేసిన పెద్దాయన ఒకాయన ఈ పిల్ల తోలడం చూసి, గోడకి వేలాడుతున్న తన మెగ్నీషియం చక్రాల జత ఇచ్చేశాడు. అవి బిగించి బైపాస్ మీద తోలి వచ్చిన రోజు ఆ పిల్ల మొహం నాకింకా గుర్తు.

"మావయ్యా, బండి నేను అనుకునే లోపే తిరిగేస్తోంది," అంది.

చిక్కల్లా రంగుతో. ఆ పెద్దాయన ఏడాదికో రంగు వేయించినట్టున్నాడు. పొర మీద పొర. అంత రంగు కింద పగులుంటే కనపడదు, ట్రాక్ దగ్గర తనిఖీ చేసేవాళ్లు ఒప్పుకోరు. రంగు మొత్తం తీసి, పగుళ్లు లేవని చూసుకుని, పల్చగా ఒక్క పొర వేసి పంపడం మా పని. ఊడదీసిన పెచ్చులన్నీ సంచిలో వేసి రొయ్యల కాటా మీద పెడితే ఓ మోస్తరు చందువా చేపంత తూగాయి. "ఇన్నాళ్లూ ఈ చేపని మోసుకుంటూ తిరిగానా," అని ఆ పిల్ల ఎంత నవ్విందో.

రంగు తీసే ముందే నేను తల్లిని పిలిచి చెప్పాను. "చూడమ్మా, ఇవి మామూలు చక్రాలు కావు. యాసిడ్ అన్నది వీటి దగ్గరికి రాకూడదు. సీసా కూడా ఆ మూలకి పెట్టెయ్."

"ఆయ్, అలాగేనండి," అని సీసా తీసుకెళ్లి షెడ్డు బయట పెట్టి వచ్చింది. అంత బుద్ధిగా నా మాట విన్నవాళ్లు ఆ షాపులో ఇంకెవరూ లేరు.

రంగు పోయిన మెగ్నీషియానికి వెంటనే ఒక మందు పూసి, దాని మీద ప్రైమరు కొట్టాలి. ఆ మందు విజయవాడ నుంచి లారీలో రావాలి. లారీ ఆఫీసుకి ఫోన్ చేస్తే పొద్దున దిగుతుందన్నారు. పొడిగా ఉంటే ఒక్క రాత్రికి ఏమీ కాదు, పగుళ్ల పరీక్ష కూడా పొద్దున వెలుతురులోనే చేద్దామనుకున్నాం. చక్రాలని పొడిగుడ్డలో చుట్టి పై అరలో పెట్టి, మేస్త్రీ నేనూ ఇంటికి వెళ్లిపోయాం. షెడ్డు తాళం ఆవిడ దగ్గరే ఉండేది, ఆఖరున ఊడ్చి వెళ్లేది తనే కాబట్టి.

మర్నాడు నేను వెళ్లేసరికి ఆవిడ అప్పటికే వచ్చి ఉంది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా తడిగుడ్డ కప్పిన చక్రాలు రెండూ ఉన్నాయి.

"రండి అన్నయ్యగారూ. మీరూ మేస్త్రిగారూ వచ్చాకే నీళ్లు కొడదామని ఆగాను. నిన్న చూస్తే బూడిదరంగులో ఏడుపుమొహంలా ఉన్నాయి. పిల్ల వాటి మీద అంత దూరం వెళ్లాలి గదా."

మేస్త్రి వెనక నుంచి, "ఏంటి చెల్లెమ్మా, చక్రాలకి నలుగు పెట్టావా?" అన్నాడు.

ఆవిడ నవ్వుతూ గుడ్డ తీసి మగ్గుతో నీళ్లు పోసింది. నల్లటి నీళ్లు కారాయి. ఇంకా పోసింది. ఇంకా నల్లగానే కారాయి. చక్రం దగ్గర చెవి పెడితే గోళీసోడా కొట్టాక వచ్చే చప్పుడులాంటిది సన్నగా వినిపిస్తోంది. నురగ తేలిన చోట చేత్తో తడిమాను. నున్నగా ఉండాల్సిన లోహం అమ్మవారు పోసిన మొహంలా గుంటలు గుంటలుగా తగిలింది.

"ఏం పూశావమ్మా?"

"చింతపండేనండి. కాస్త ఉప్పు. మీరు యాసిడ్ వద్దన్నారు కదండీ, అందుకే దాన్ని ముట్టుకోలేదు. మన పిల్లవి కదా అని కొత్త చింతపండు తెచ్చి చిక్కగా పట్టించాను. కుందులు మరీ నల్లబడితే రాత్రంతా అలాగే వదిలేస్తే..."

మా మొహాలు చూసి ఆగిపోయింది.

మిగతా చక్రాలన్నిటికీ పులుపు పూసిన కాసేపటికే కడిగేసేది. ప్రాణంలో ప్రాణం కాబట్టి వీటికి రాత్రంతా ఉంచింది. ప్రేమ తక్కువైతే ఎంత బాగుండేదో అని జీవితంలో నేననుకున్న రోజు అదొక్కటే.

కూతురు వచ్చింది. చక్రాలని చూసింది. తల్లిని చూసింది. తల్లి నెమ్మదిగా బకెట్లు తీసుకుని వెనక కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది. కడిగిన బకెట్టునే మళ్లీ కడుగుతున్న చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది.

పగుళ్ల పరీక్ష చేశాను. ఎర్రరంగు పూసి, తుడిచి, పైన తెల్లపొడి కొడితే, పగులున్న చోట సన్నటి ఎర్రగీత పైకి తేలుతుంది. మంచి చక్రమైతే తెల్లగా మిగులుతుంది. ఇది మిగల్లేదు. ప్రతి గుంటలోంచీ ఎరుపు ఊరింది. స్పోకు వచ్చి మధ్య గుండ్రంలో కలిసే మొదట్లో ఒక గీతలా కనపడింది. అది పగులో, వరసగా పడిన గుంటలో, పాతదో, రాత్రిదో చెప్పడం నా వల్ల కాలేదు. ఇప్పటికీ తెలియదు. సానబట్టి గుంటలు తీసేద్దామంటే అసలే పల్చటి చోటు, ఇంకా పల్చనవుతుంది. చక్రం తేలికవుతుంది, నిజమే. ఆ తేలిక ఎవరికీ వద్దు.

మేస్త్రి నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "గురువుగారూ, గుంటల్లో పుట్టీ నింపి, నున్నగా తీసి, పైన నలుపు కొట్టేస్తాను. నా చెయ్యి పడ్డాక దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు."

"మీరు సంఘ పెద్దలు కదండీ. ఆ దేవుడికి రిపోర్టు ఇచ్చేది మీరే గదా."

"నా కూతురైతే నేనూ పంపను," అని మాత్రం అని బయటికి పోయి స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ పిల్ల ఇదంతా వింది. "కొట్టించండి మావయ్యా. ఒక్కరోజుకే కదా. నిదానంగా తోలతాను."

"నిదానంగా తోలడానికైతే ఈ చక్రాలెందుకు?"

"ఇంకోసారి లేదు మావయ్యా."

"నాకూ తెలుసమ్మా."

"అయితే మరి?"

పగులుందని తెలిస్తే ధైర్యంగా వద్దనేవాణ్ని. లేదని తెలిస్తే ధైర్యంగా పంపేవాణ్ని. ఏదీ తెలియనప్పుడు వద్దనడం ఎంత కష్టమో, ఈ పనిలోకి వచ్చే ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. వద్దనే అన్నాను. చక్రాలని తిరిగి గుడ్డలో చుట్టాను. ఆ పిల్ల గుడ్డ మీద చెయ్యి వేసి, గుంజుకోకుండా, అలాగే ఉంచింది. తర్వాత తీసేసింది.

"సరే. అమ్మకి మాత్రం నిజం చెప్పకండి. ముందు నుంచే లోపల పాడైపోయి ఉన్నాయని చెప్పండి. రంగు తీశాక బయటపడిందని చెప్పండి. మీరు చెబితే నమ్ముతుంది."

సాయంత్రం ఆవిడ ఇంటికి బయల్దేరుతుంటే పిలిచాను. అబద్ధం చెప్పడానికి అంత ముందస్తు ఏర్పాటు నేనెప్పుడూ చేసుకోలేదు. లోహం వయసు గురించి చెప్పాను, విశాఖ సముద్రపు గాలి గురించి చెప్పాను, పాత రంగు కింద తేమ చేరడం గురించి చెప్పాను. "నీ చింతపండు వల్ల కాదమ్మా. అవి ఎప్పుడో పోయాయి. నువ్వు కడిగావు కాబట్టి బయటపడ్డాయి. ఒక రకంగా పిల్లని కాపాడావు," అన్నాను. ఆ ఆఖరి మాట నాకే బాగా కుదిరిందనిపించింది.

"అలాగాండి," అంది. నెమ్మదిగా చక్రాలకి చుట్టిన గుడ్డ విప్పింది.

ఎండిపోయాక చక్రం మీద నలుపు స్పష్టంగా తేలింది. అంతటా ఒకేలా లేదు. స్పోకుల పొడుగునా చారలు చారలుగా ఉంది, చిక్కటి చింతపండు గుజ్జు వేళ్లతో లాగి పూసినట్టు. ఆవిడ కుడిచెయ్యి చాపి నాలుగు వేళ్లూ ఆ చారల మీద పెట్టింది. ఒక్కో వేలికీ ఒక్కో చార సరిగ్గా సరిపోయింది.

"నా చెయ్యే కదండి అన్నయ్యగారూ," అంది.

నేను సూపర్‌వైజరుని. ఏదో ఒకటి చెప్పాలి. పాసింజరుకి టైమవుతోందని గుర్తుచేశాను. ఆవిడ గుడ్డ చుట్టేసి, తాళం వేసి, నాకిచ్చి వెళ్లింది. ఆ తాళం మళ్లీ తన దగ్గర ఉంచుకోలేదు.

పిల్ల పాత మొద్దు చక్రాలతోనే కోయంబత్తూరు వెళ్లింది. వెళ్లేముందు మేస్త్రి వాటికి ఉన్న రంగు కూడా గీకి, వీలైనంత పల్చగా కొట్టి ఇచ్చాడు. ఆయన చేయగలిగింది అంతే. అక్కడ అందరికన్నా బాగా తోలిందని కాదు, బాగా తోలింది. ఎంపికైనవాళ్ల తర్వాత వరసలో నిలిచింది. టీములో ఎవరో భుజం తట్టి, "బాగానే ఉంది, బండే కాస్త బరువుగా ఉన్నట్టుంది," అన్నారట. ఆ మాట నాకు చెప్పింది గానీ తల్లికి చెప్పలేదు. తల్లికి మరెవరో చెప్పారు. ఎవరో ఒకరు చెప్పేస్తారు.

ఇప్పుడు ఆ పిల్ల రాజమండ్రిలో స్కూటర్ల షోరూములో పని చేస్తోంది. వచ్చేవాళ్లు సీటు కింద ఎన్ని కేజీల బియ్యం పడతాయని అడుగుతారు, మైలేజీ ఎంతని అడుగుతారు. చక్రం బరువెంతని ఒక్కరూ అడగరట. "అడిగితే ఏం చెయ్యాలో ఆలోచించుకుని పెట్టుకున్నాను మావయ్యా. ముందు కాఫీ ఇప్పిస్తాను," అంది. నవ్వడానికి ప్రయత్నించాం ఇద్దరం. తన బండి నిడదవోలులో ఇంటి పక్క సందులో గోనెపట్టా కప్పుకుని ఉంది. నడిపి ఎన్నాళ్లైందని నేను అడగను.

తల్లి పని మానలేదు. మర్నాడే వచ్చింది. కానీ అప్పటి నుంచి సబ్బూ నీళ్లే. చింతపండు వాష్ కావాలని ఎవరైనా అడిగితే, "అది మానేశామండి," అనేది. ఎందుకని అడిగినవాళ్లకి మేస్త్రి ధర పెరిగిందని చెప్పేవాడు. తెల్లమరకలు పోక గిరాకీ కొంత తగ్గింది. ఓనరుగారు ఫోన్ చేసి అడిగితే నేను కాటా పాడైందనీ వానలనీ ఏవేవో చెప్పాను. ఆ చక్రాలని విశాఖ పెద్దాయనకి తిరిగి పంపబోతే వద్దన్నాడు. చాలా రోజులు మా పై అరలోనే ఉన్నాయి. కిందికి దించింది ఎవరో, ఎప్పుడో నాకు తెలియదు. ఆవిడ ఊడ్చేటప్పుడు ఆ అర వైపు చూడకుండా ఊడవడం మాత్రం నాకు తెలుసు.

నా ఆఖరి రోజున షెడ్డులోనే భోజనాలు పెట్టుకున్నాం. ఆవిడ ఇంటి నుంచి పెద్ద క్యారేజీలో కొర్రమీను పులుసు తెచ్చింది. కూతురు షోరూము నుంచి సెలవు పెట్టి వచ్చింది. ముగ్గురం ఆకుల ముందు కూర్చున్నాం, ఆవిడ వడ్డించింది. పులుసు ఎర్రగా, పల్చగా ఉంది. కలుపుకుని నోట్లో పెట్టుకున్నాక అర్థమైంది, అది టమాటాలతో పెట్టిన పులుసు. చింతపండు లేదు. గోదావరి నీళ్లు తాగిన మనిషి అలాంటి చేపల పులుసు పెట్టదు, పెడితే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. ఎన్నాళ్ల నుంచి ఇలా పెడుతోందో అని కూతురి వైపు చూశాను. ఆ పిల్ల నా వైపు చూడలేదు. చెయ్యి ఆకులో ఆపేసి మేస్త్రి వైపు చూస్తోంది.

మేస్త్రి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తిండికి వంక పెట్టకుండా ముద్ద మింగని మనిషి. ఆవిడ గరిటె పట్టుకుని నిలబడే ఉంది. ఆయన చాలాసేపు నమిలాడు.

"చెల్లెమ్మా, ఇంకో గరిటె వెయ్యి," అన్నాడు.

ఆవిడ వేసింది. ఆయన ముల్లు ఏరుకుంటున్నట్టు ఆకు మీదికి వంగి, మళ్లీ చాలాసేపటిదాకా తలెత్తలేదు.